సరిహద్దు ఒడిశాలో చిన్న రో హౌసు వెంచర్: నేల చూడటం మొదలుకొని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దాకా

పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ, బరంపురం చుట్టుపక్కల ఇప్పుడు చిన్న చిన్న రో హౌసు వెంచర్లు వస్తున్నాయి. అరవై సెంట్లో, ఎకరమో చూసుకుని, పక్క గోడలు కలిపి పదో పన్నెండో డూప్లెక్సులు కట్టి అమ్మడం. కట్టేవాళ్లు పెద్ద బిల్డర్లేం కారు. రిటైరైన మాస్టారు, మందుల షాపాయన, ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు కలిసి దాచుకున్న డబ్బు పెడుతుంటారు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మనకి ఎన్విరాన్‌మెంట్ క్లియరెన్స్ కావాలా?"

అక్కర్లేదు. కేంద్రం 2006 సెప్టెంబర్ 14న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, భవన నిర్మాణానికి ముందస్తు పర్యావరణ అనుమతి 20,000 చదరపు మీటర్ల నిర్మాణం నుంచి మొదలవుతుంది. పది డూప్లెక్సులు, ఒక్కోటి 140 చదరపు మీటర్లు అనుకుంటే మొత్తం 1,400. దరిదాపుల్లో కూడా లేము.

ఈ జవాబు వినగానే చాలామంది పర్యావరణం సంగతి అక్కడితో వదిలేస్తారు. నా బాధంతా ఇక్కడే. పెద్ద ప్రాజెక్టుకు ఒక కమిటీ కూర్చుని నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది, అడవి ఎంత దూరం అని అడుగుతుంది. చిన్న ప్రాజెక్టుకు ఆ ప్రశ్నలన్నీ ఒకచోట అడిగేవాళ్లు లేరు. కొన్ని తహసీల్ ఆఫీసులో, కొన్ని అటవీ శాఖలో, కొన్ని ప్లాన్ ఇచ్చే ఆఫీసులో చెదిరి ఉంటాయి. కొన్ని ఎక్కడా ఉండవు. కాబట్టి ఆ పరిశీలన మనమే చేసుకోవాలి, అదీ అడ్వాన్స్ ఇవ్వకముందే. డబ్బు చేతులు మారాక చేసే పరిశీలన వల్ల టెన్షన్ తప్ప ఒరిగేది తక్కువ.

లెక్కలకు ఒక నమూనా పెట్టుకుందాం: 60 సెంట్లు, అంటే సుమారు 2,428 చదరపు మీటర్లు, పది ఇళ్లు, పైన ఒక అంతస్తు. ఒడిశా కాగితాల్లో సెంటు ఉండదు, డెసిమల్ ఉంటుంది. రెండూ ఒకటే కొలత, ఎకరంలో వందో వంతు.

మొదటి అడుగు: నేల ఎవరి పరిధిలో ఉందో తేల్చుకోవడం

బరంపురం, దాని చుట్టూ ఉన్న చాలా ఊళ్లు బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ కిందికి వస్తాయి. దానికి 1982 నాటి డెవలప్‌మెంట్ అథారిటీల చట్టం, దాని కింద 2020లో వచ్చిన ప్లానింగ్, బిల్డింగ్ స్టాండర్డ్స్ రూల్సు వర్తిస్తాయి. డెవలప్‌మెంట్ అథారిటీ లేని పట్టణాల్లో 1956 నాటి టౌన్ ప్లానింగ్ చట్టం కింద పనిచేసే సంస్థలు ఉంటాయి. రెండు పరిధుల్లోకీ రాని పల్లె అయితే పంచాయతీ, బ్లాక్, తహసీల్.

ఏజెంటు నోటిమాట మీద దీన్ని తేల్చుకోవద్దు. మౌజా (రెవెన్యూ గ్రామం) పేరు, ప్లాట్ నంబరు రాసి ప్లానింగ్ ఆఫీసుకు అర్జీ పెట్టి, ఈ నేల మీ పరిధిలో ఉందా, మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్ చూపించారు అని రాతపూర్వకంగా అడగండి. జోన్ నివాసం కాకపోతే అక్కడే ఆగండి. పచ్చదనానికో, చెరువుకో, రాబోయే రోడ్డుకో గుర్తు పెట్టిన నేలను మార్పించుకుందాం లెమ్మని కొన్నవాళ్ల డబ్బు ఏళ్ల తరబడి ఇరుక్కుపోతుంది.

ఇంకో మాట. ఊరు డెవలప్‌మెంట్ ప్లాన్‌లోకి వచ్చేశాక సర్పంచ్ సంతకం, పంచాయతీ ముద్ర ప్లాన్ ఆమోదం కావు. "మా ఊళ్లో సర్పంచ్ ఇస్తే చాలండీ" అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ కాగితం పట్టుకుని కొన్న కుటుంబం రేపు బ్యాంకు లోనుకు వెళ్తే తెల్లమొహం వేయాల్సి వస్తుంది.

రెండో అడుగు: పట్టాను వరస వరసా చదవడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే. ఒడిశాలో హక్కుల రికార్డు, మనం పట్టా అనేది, భూలేఖ్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. జిల్లా, తహసీల్, మౌజా ఎంచుకుని ఖాతా నంబరు గానీ ప్లాట్ నంబరు గానీ కొడితే వస్తుంది. అంతా ఒడియాలోనే ఉంటుంది. ఇక్కడి మన పెద్దవాళ్లలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. ఇంట్లో ఒడియా మీడియంలో చదివిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. డబ్బు పెట్టే ముందు మాత్రం లాయరుతో మరోసారి చదివించండి.

చూడాల్సినవి ఇవి. ముందు ఖాతా ఎవరిది? రైతు పేరు, తండ్రి పేరు, కులం, ఊరు ఉండి, హక్కు దగ్గర 'స్థితిబాన్' అని ఉంటే అది సొంత రైతు భూమి. 'రఖిత్', 'సర్వసాధారణ్', 'ఆబాద్ జోగ్య అనాబాదీ' అని ఉంటే సర్కారు భూమి. ఎన్నేళ్లు సాగు చేసినా అమ్మే హక్కు రాదు.

తర్వాత కిసం, అంటే నేల రకం. 'శారద' అంటే వరి పండే భూమి, 'ఘరబారి' అంటే ఇంటి స్థలం, 'గోచర్' అంటే పశువుల మేత భూమి. 'జంగల్', 'పత్ర జంగల్', 'గ్రామ్య జంగల్' కనిపిస్తే కథ వేరు. దాని గురించి కింద చెప్తాను. రాయగడ, కొరాపుట్ వైపు 'డొంగర్' కూడా కనిపిస్తుంది. అది కొండ వాలు భూమి.

మన ప్లాటు పట్టా చూసి ఊరుకోకండి. నాలుగు పక్కల ప్లాట్ల కిసం కూడా రాసుకోండి. పక్కన 'నాళ' (వాగు) అనో 'జలాశయ' అనో ఉంటే, ఆ గెడ్డ ఇప్పుడు ముళ్లకంపతో మూసుకుపోయి కనిపించకపోయినా రికార్డులో బతికే ఉంది. వానాకాలంలో నేల మీదా లేచి వస్తుంది.

ఆ పైన హాల్, సాబిక్ రెండూ పోల్చాలి. హాల్ అంటే ఇప్పటి సెటిల్‌మెంటు రికార్డు, సాబిక్ అంటే దాని ముందుది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా గంజాం, కొరాపుట్ ప్రాంతాలు, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అందుకే ఇళ్లలో తెలుగు దస్తావేజులు ఇంకా దొరుకుతుంటాయి. తాత పేరు మీద తెలుగు కాగితం చూపించి "ఇది మా జిరాయితీ" అనేవాళ్లు నిజమే చెబుతూ ఉండొచ్చు. కానీ ఆ కాగితం నుంచి ఇప్పటి ఖాతా దాకా మధ్యలో ఎక్కడా తెగకుండా వారసత్వం, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కనిపించాలి. చివరగా, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (నేల మీద అమ్మకాలు, తాకట్టులు చూపించే కాగితం) తీయించుకోండి.

మూడో అడుగు: అమ్మేవాళ్ల కులం, నేల ఉన్న ప్రాంతం

శ్రీకాకుళం, మన్యం జిల్లాల నుంచి వచ్చేవాళ్లకు 1/70 చట్టం తెలుసు. సరిహద్దు దాటాక ఆ చట్టం ఉండదు గానీ ఒడిశాకు తనదైన గట్టి చట్టం ఉంది: 1956 నాటి రెండో రెగ్యులేషన్. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసీ భూమి ఆదివాసీ కానివాళ్లకు బదిలీ కాకూడదు. 2002 సవరణతో ఇంతకుముందున్న అనుమతి దారి కూడా మూసేశారు. దీన్ని సడలించాలని 2023 నవంబర్‌లో రాష్ట్ర క్యాబినెట్ ఒక నిర్ణయం తీసుకుంది గానీ, వ్యతిరేకత రావడంతో పక్కన పెట్టేసింది. "రూల్ మారిపోయిందండీ" అనే ఏజెంటు ఆ సగం వార్తే చెబుతున్నాడు.

ఈ సరిహద్దు వైపు షెడ్యూల్డ్ ప్రాంతం ముఖ్యంగా ఎక్కడెక్కడ? రాయగడ, కొరాపుట్, మల్కనగిరి, నవరంగపూర్ జిల్లాలు పూర్తిగా. గజపతి జిల్లాలో ఆర్. ఉదయగిరి తహసీల్, గుమ్మ బ్లాకు, రాయగడ బ్లాకు. ఈ రాయగడ బ్లాకు గజపతి జిల్లాలోది, రాయగడ జిల్లా వేరు. కాగితాల్లో రెండూ కలిసిపోతుంటాయి, జిల్లా పేరు తప్పక చూడండి. పర్లాకిమిడి పట్టణం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు.

షెడ్యూల్డ్ ప్రాంతం కాకపోయినా, అమ్మేది ఎస్సీ లేదా ఎస్టీ కుటుంబమైతే 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద ముందుగా రెవెన్యూ అధికారి అనుమతి కావాలి. అది లేని రిజిస్ట్రేషన్ చెల్లదు. 23వ సెక్షన్ కింద భూమి వెనక్కి పోతుంది. పట్టాలో కులం గడి అందుకే ఉంది. ఈ చట్టాలను అడ్డంకులుగా చూడొద్దని నా మనవి. ఈ కొండల్లో సవరలు, కొంధులు ఎంత భూమి ఎలా పోగొట్టుకున్నారో తెలిసినవాళ్లెవరూ వీటికి పక్కదారి వెతకరు. బినామీ పేరు మీద కొనడం అసలే వద్దు.

నాలుగో అడుగు: అడవి

పట్టాలో జంగల్ కిసం ఉంటే, చెట్టన్నదే లేకపోయినా, 1980 అటవీ సంరక్షణ చట్టం అడ్డు వస్తుంది. చట్టం అమల్లోకి వచ్చింది 1980 అక్టోబర్ 25న. ఆ రోజుకు రికార్డులో ఏముందన్నదే అసలు ప్రశ్న. సాబిక్‌లో జంగల్ ఉండి హాల్‌లో ఇంకోటి ఉంటే సమస్య తీరిపోయిందనుకోకండి. సాబిక్ చూడమన్నది ఇందుకే.

ఇది కాక డీఎల్‌సీ అడవి అని ఒకటుంది. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, రికార్డులో పేరు ఏదైనా అడవిలా ఉన్నదంతా అడవేనంది. ఆ తర్వాత జిల్లా స్థాయి కమిటీలు (డీఎల్‌సీలు) అలాంటి ప్లాట్లు గుర్తించి జాబితాలు చేశాయి. మీ ప్లాటు ఆ జాబితాలో ఉందో లేదో డీఎఫ్‌ఓ (డివిజన్ అటవీ అధికారి) ఆఫీసులో అర్జీ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకోండి. అదే అర్జీలో అభయారణ్యం, దాని చుట్టూ ఉండే పర్యావరణ సున్నిత మండలం ఎంత దూరమో కూడా అడగండి. గజపతి జిల్లాలో లఖారి లోయ అభయారణ్యం ఉంది. గోపాల్‌పూర్ వైపు సముద్రం దగ్గర కొంటే తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ విడిగా చూడాలి.

ప్లాటులో చెట్లుంటే కొట్టే ముందు అటవీ శాఖ అనుమతి. నా సలహా, కొట్టకుండానే ప్లాన్ వేయమని ఆర్కిటెక్ట్‌కు చెప్పండి. గట్టు మీద పాత చింతచెట్టో మామిడో ఉంటే దాని చుట్టూ ఖాళీ స్థలం చూపించొచ్చు. ఎలాగూ ఖాళీ స్థలం వదలాలి.

ఐదో అడుగు: వానలో నేల చూడటం

బేరగాళ్లు నేల చూపించేది మాఘం, ఫాల్గుణాల్లో. కోతలైపోయి, మోళ్లు ఎండి, బండి సరాసరి లోపలిదాకా వెళ్తుంది. అప్పుడు ఏ నేలైనా బాగుంటుంది. శ్రావణ భాద్రపదాల్లో గట్టి వాన పడిన మర్నాడు పొద్దున వెళ్లి చూడండి. అప్పటిదాకా ఆగడం కుదరకపోతే, నీళ్ల ఆనవాళ్లు వెతకండి.

పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వైపు వెళ్లే దారి పక్కన ఒక నేల చూశాను. పల్లం, వరి మడి, కిసం శారద. కాగితాల్లో వంక లేదు. రోడ్డు అంచున వంగి చూస్తే గడ్డి కింద సిమెంటు తూము నోరు కనిపించింది. రోడ్డుకు అటువైపు మెట్ట మీది నీళ్లన్నీ ఆ తూము గుండా వచ్చి, ఈ మడిలో నిండి, అవతలి గట్టుకున్న గండి దాటి దిగువ రైతు మళ్లలోకి పోతాయి. ఆ మడిని ఎత్తు చేసి ఇళ్లు కడితే తూము మూసుకుపోతుంది. అప్పుడు నీళ్లు రోడ్డెక్కుతాయి, లేదా వెనక గోడ కిందనుంచి ఇళ్లలోకొస్తాయి. దిగువ రైతుకు ఆషాఢంలో నీళ్లుండవు, తుపానుకు మాత్రం ఒక్కసారిగా మీద పడతాయి. ఏ పట్టాలోనూ ఏ ప్లాన్‌లోనూ ఆ తూము లేదు.

లెక్క వేసి చూడండి. ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన ఇక్కడ అరుదేం కాదు. 2,428 చదరపు మీటర్ల మీద అది సుమారు 2 లక్షల 43 వేల లీటర్లు. వరి మడిగా ఉన్నప్పుడు ఆ నీళ్లను గట్లు ఆపుతాయి, నేల కొంత తాగుతుంది. పైకప్పులు, సిమెంటు రోడ్డు, టైల్సు వేశాక చాలా భాగం గంటలోనే బయటికి పరుగెడుతుంది. ఎటు? ఈ ప్రశ్నకు కాగితం మీద బాణం గుర్తుతో జవాబు గీయగలిగితేనే ముందుకు వెళ్లండి.

చుట్టుపక్కల పెద్దవాళ్లను అడగండి. వాళ్లకు తారీఖులు గుర్తుండకపోయినా తుపాన్ల పేర్లు గుర్తుంటాయి. "తిత్లీ అప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అంటే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీకి వంశధార, మహేంద్రతనయ పొంగి గజపతి జిల్లా అతలాకుతలమైంది. బరంపురం వైపైతే 2013 అక్టోబర్ ఫైలిన్, రాయగడలో 2017 జూలై నాగావళి వరద గురించి అడగాలి. ఆ మట్టం కంటే ఇంటి పునాది ఎత్తు ఉండాలి. అలాగని ప్లాటంతా మట్టితో ఎత్తు చేయొద్దు. ఇళ్ల కింది భాగం, రోడ్డు ఎత్తు చేసి, నీటి దారిని దాని మట్టంలోనే వదిలేయండి.

కొండ వాలు నేలకు ఇంకా జాగ్రత్త కావాలి. తిత్లీ వానకు గజపతి జిల్లా బరఘరలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. వాలును నిలువుగా తవ్వి చదును చేసి ఇళ్లు వరసగా పెట్టే ప్లాన్ ఎంత ముచ్చటగా ఉన్నా, నేల గట్టిదనం పరీక్ష, నీళ్లు పోయే గొట్టాలతో నిలుపుదల గోడ డిజైన్ లేకుండా ఒప్పుకోకండి.

ఆరో అడుగు: బోరు, మురుగు

రో హౌసులకే ప్రత్యేకమైన చిక్కు ఇక్కడుంది. ఒక్కో ఇంటి వెడల్పు ఐదారు మీటర్లు. విడి ఇళ్ల అలవాటుతో ప్రతి ఇంటికీ ముందు బోరు, వెనక సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత పెడతారు. సెప్టిక్ నీళ్లు ఇంకే గుంతకు, తాగునీటి బావికి లేదా బోరుకు మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. మీ వెనక గుంత మీ బోరుకు దూరంగా ఉందేమో, పక్కింటి బోరుకు, వెనక వరస బోరుకు ఎంత దూరం? కాగితం మీద పది బోర్లు, పది గుంతలు పెట్టి స్కేలుతో కొలవండి. కుదరదు.

కాబట్టి ఉమ్మడిగా చేయాలి. మెట్ట వైపు మూలలో ఒక్క బోరు, పల్లం వైపు మూలలో ఒక్క మురుగు శుద్ధి. మనిషికి రోజుకు 135 లీటర్లు, ఇంటికి ఐదుగురు, పది ఇళ్లకు 6,750 లీటర్లు. అందులో 80 శాతం మురుగుగా వస్తుందనుకుంటే 5,400 లీటర్లు. ఈ పరిమాణానికి గదులు గదులుగా కట్టే సెప్టిక్ ట్యాంకు, దాని తర్వాత మొక్కలు నాటిన కంకర తొట్టె చాలు. పెద్ద మోటార్లు, కెమికల్సు అక్కర్లేదు. బయటికొచ్చిన నీళ్లు మొక్కలకు వాడుకోవచ్చు. చుట్టుపక్కల ఇళ్ల బావులనుంచీ 18 మీటర్లు కొలవడం మరచిపోకండి.

సొంత ఇంటి బోరుకు లేని ఒక షరతు ఉమ్మడి బోరుకు ఉంటుంది. కేంద్ర భూగర్భ జలాల సంస్థ 2020 సెప్టెంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు గ్రూపు హౌసింగ్ నీటి వాడకానికి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) అడుగుతాయి. అర్జీ ఆన్‌లైన్‌లోనే.

ఇక వాన నీళ్లు. గజపతి జిల్లాలో ఏడాదికి 1,300 మిల్లీమీటర్ల పైనే పడుతుంది. 60 చదరపు మీటర్ల పైకప్పు మీద, నూటికి 80 పాళ్లు పట్టుకున్నా, ఇంటికి సుమారు 62 వేల లీటర్లు. పది ఇళ్లవి బోరు దగ్గర ఇంకిస్తే వేసవిలో ఆ బోరు మాట వింటుంది. ఇంకుడు గుంత ప్లాన్‌లో చూపించి, కట్టేటప్పుడు మట్టి పోసి మూసేసిన వెంచర్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఏడో అడుగు: భూమి మార్పిడి

సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్పించుకునే పని, ఆంధ్రాలో 'నాలా' అని అలవాటైనది, ఇక్కడ 8-ఎ. భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద తహసీల్దార్‌కు అర్జీ పెడితే, ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వచ్చి విచారణ చేస్తారు, అమీన్ (సర్వేయరు) కొలుస్తారు, ప్రీమియం కట్టాక పట్టాలో కిసం ఘరబారిగా మారుతుంది. ప్రీమియం కట్టిన రసీదుతో ఆగిపోకండి. మారిన పట్టా భూలేఖ్‌లో కనిపించాలి. ఆర్ఐ వచ్చే రోజు మీరు కూడా నేల మీద ఉండండి. ఆ తూము, ఆ గట్టు మీరే చూపించండి. దాచి తెచ్చుకున్న రిపోర్టు పక్క రైతు ఒక్క ఫిర్యాదు ఇస్తే నిలవదు.

ఎనిమిదో అడుగు: ఇరుగుపొరుగుతో మాట్లాడటం

ఏ ఫారంలోనూ ఈ గడి లేదు. అయినా ప్లాన్ ఖాయం చేసే ముందే చేయండి. దిగువ మళ్ల రైతులు, పక్క వీధివాళ్లు, వార్డు మెంబరు. ఊళ్లో తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపించే చోట మూడు భాషలవాళ్లనీ పిలవండి. "ఇక్కడ పది ఇళ్లు కడుతున్నామండీ, నీళ్లు ఇటు పోతాయి, మురుగు ఇదిగో ఇక్కడ ఆగుతుంది" అని సున్నంతో గీత గీసి చూపించండి. ఎవరో ఒక ముసలాయన కర్రతో గీత పక్కకు జరిపి "కాదు బాబూ, నీళ్లు ఇలా వస్తాయి" అంటారు. ఆ సవరణ ఏ సర్వే రిపోర్టులోనూ దొరకదు. పశువుల దారి, శ్మశానానికి వెళ్లే దారి కూడా అప్పుడే బయటపడతాయి.

తొమ్మిదో అడుగు: లేఔట్, ప్లాన్ అర్జీ

ఇప్పుడు ఆర్కిటెక్ట్ దగ్గరికి. ప్లానింగ్ సంస్థ దగ్గర నమోదైన సాంకేతిక నిపుణుడే అర్జీ పెట్టాలి. పట్టణ ప్రాంతాల్లో ప్లాన్లు ఆన్‌లైన్‌లో వెళ్తాయి. పట్టా, మ్యాపు, ఎన్‌కంబరెన్స్, సైట్ ప్లాన్, నిర్మాణ డిజైన్, మీరు చేసిన నీటి లెక్కలు అన్నీ జతపరచండి. రోడ్డు వెడల్పు, ముందు వెనక ఖాళీలు, వదలాల్సిన ఉమ్మడి స్థలం, పార్కింగ్ రూల్సు పట్టికల ప్రకారం ఉంటాయి. మీ ప్లాటు కొలతకు ఏ వరస వర్తిస్తుందో ఆర్కిటెక్ట్ చేత వేలు పెట్టి చూపించుకోండి. బయటి రోడ్డు వెడల్పు పట్టా మ్యాపులో చూడండి, నేల మీద కనిపించేది కాదు.

పది ఇళ్లను పది విడి ఇళ్లుగా చూపించి పది చిన్న ప్లాన్లు తెచ్చుకోవచ్చని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి. అలా చేస్తే ఉమ్మడి కాలువ ఎవరిదీ కాకుండా పోతుంది, రోడ్డు ఎవరిదీ కాదు, కొన్నవాళ్లు జీవితాంతం కొట్టుకుంటారు. లేఔట్ ఆమోదం లేని ముక్కలకు రిజిస్ట్రేషన్ దగ్గరే అడ్డు పడుతుంది.

గాలి వెలుతురు గురించి ఒక్క మాట. పక్క గోడలు కలిసిన ఇంట్లో గాలి ముందు నుంచి వెనక్కే రావాలి. వెనక ఖాళీని రేకులతో కప్పి వంటగది చేస్తే మధ్య గది చీకటి కొట్టే. మధ్యలో ఆకాశం కనిపించేలా పైకప్పు లేని చిన్న ఖాళీ వదిలే డిజైన్ అడగండి.

పదో అడుగు: రెరా

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా) ప్రకారం, నేల 500 చదరపు మీటర్లు మించకపోయినా, అన్ని దశలూ కలిపి ఇళ్లు ఎనిమిది మించకపోయినా ప్రాజెక్టును రెరాలో రిజిస్టర్ చేయడం నుంచి మినహాయింపు ఉంది. మన నమూనా రెండూ దాటింది, కాబట్టి తప్పనిసరి. ముందు ఎనిమిది, తర్వాత ఇంకో నాలుగు అంటూ దశలుగా చూపించినా లెక్కలో కలుస్తాయి. ఒడిశా రెరా భువనేశ్వర్‌లో ఉంది, అర్జీ ఆన్‌లైన్. రెరా నంబరు రాకముందు ప్రకటన చేయకూడదు, వాట్సాప్‌లో బ్రోచర్ పంపినా ప్రకటనే. రిజిస్టర్ చేయకపోతే ప్రాజెక్టు ఖర్చులో పది శాతం దాకా జరిమానా పడొచ్చు.

కొనేవాళ్ల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచి ఆ నేలకు, ఆ నిర్మాణానికే వాడాలి. అగ్రిమెంటు రిజిస్టర్ కాకముందు ఇంటి ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. అప్పగించాక ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే మీ ఖర్చుతోనే బాగు చేయాలి. మీరు కొనేవాళ్లైతే ఈ మూడూ మీ ఆయుధాలు.

పదకొండో అడుగు: కట్టేటప్పుడు

ఇసుక లారీ వచ్చినప్పుడల్లా వై-ఫారం అడిగి తీసుకుని ఫైలు చేయండి. అది ఇసుక లాంటి ఖనిజాల రవాణాకు ఒడిశా ఇచ్చే పాసు. వంశధార ఒడ్డున రాత్రిపూట తవ్విన ఇసుక చవగ్గా వస్తుంది, దానివల్ల ఒడ్డు కోసుకుపోయేది మన బంధువుల పొలమే. ఫ్లైయాష్ ఇటుక వాడితే పొలాల పైమట్టి మిగులుతుంది. తవ్విన పైమట్టిని పక్కన కుప్ప పోసి ఉంచి చివర్లో తోటలకు పరవండి. పాత కట్టడం కూల్చిన రద్దును గెడ్డలో పోయనివ్వొద్దు. కాంట్రాక్టర్లు మొదట చూసేది గెడ్డ వైపే. నిర్మాణ ఖర్చులో ఒక శాతం కార్మిక సంక్షేమ సెస్సు కట్టాలి, పనివాళ్లకు మరుగుదొడ్డి, తాగునీరు పెట్టాలి. పునాది మట్టం, కాలువ మట్టం వేసిన రోజు ఫోటో తీసి తారీఖుతో ఉంచుకోండి.

పన్నెండో అడుగు: ఆక్యుపెన్సీ, అప్పగింత

ఇచ్చిన అనుమతికి గడువు ఉంటుంది, అది దాటకముందే పొడిగింపు అడగాలి. పని పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారు, ఇక ఉండొచ్చు అని ఆఫీసు ఇచ్చే కాగితం) తెచ్చుకోకుండా తాళాలు ఇవ్వకండి. టీపీఎస్ఓడీఎల్ కరెంటు కనెక్షన్లు, మున్సిపాలిటీ పన్ను, బ్యాంకు లోను అన్నింట్లోనూ ఆ కాగితం పలుకుతుంది.

కొన్నవాళ్లతో సంఘం పెట్టించి ఉమ్మడి స్థలం, బోరు, కాలువ, శుద్ధి తొట్టె వాళ్ల పేరు మీదికి మార్చండి. దాంతోపాటు ఒక పేజీ తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఇవ్వండి: బోరు లోతు, మూతలు ఎక్కడున్నాయి, కంకర తొట్టె ఎప్పుడు కడగాలి, సెప్టిక్ ట్యాంకు రెండు మూడేళ్లకోసారి సెస్‌పూల్ బండితో ఖాళీ చేయించడానికి ఇంటికి నెలకు ఎంత పక్కన పెట్టాలి. వెనక గోడ కింద వదిలిన కాలువ మీద ఎవరూ స్లాబు వేయకూడదన్న షరతు ప్రతి సేల్ డీడులోనూ ఉండాలి.